‘పడిపోయాను టీచర్’ అని పాప చెప్పినప్పుడు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకీ తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు కోనసీమలో ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెబుతున్నారు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మీ క్లాసులో ఎనిమిదేళ్ళ పాప ఉంది. తల్లి ఇంటిపనికని కువైట్ వెళ్ళింది. తండ్రి లారీ డ్రైవరు, పది రోజులకోసారి వస్తాడు. పాప, నాలుగేళ్ళ తమ్ముడు మేనత్త ఇంట్లో ఉంటున్నారు. పాప క్లాసులో నిద్రపోతుంది. తలనిండా పేలు. మధ్యాహ్న భోజనం రెండుసార్లు పెట్టించుకుంటుంది కానీ గుడ్డు మాత్రం తినకుండా కాగితంలో చుట్టుకుంటుంది. పోయిన వారం చెవి వెనక కమిలి ఉంటే మీరు అడిగారు, "పడిపోయాను టీచర్" అంది. హెడ్మాస్టరుగారితో అంటే "ఇళ్ళ గొడవలు మనకెందుకమ్మా" అన్నారు. ఇది హింసేనా, మీరే ఎక్కువ ఊహించుకుంటున్నారా, ఎవరికైనా చెబితే మీ మీదికి వస్తుందా, ఆ గుడ్డు తీసుకెళ్ళనివ్వాలా వద్దా అని అడిగారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా హైస్కూల్లో పాఠాలు చెప్పాను. ఆ తర్వాత ఆరేళ్ళు ఒక జిల్లాలో బాలల సంక్షేమ సమితి సభ్యురాలిగా ఉన్నాను, రక్షణ కావాల్సిన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునేది ఆ సమితే. టీచరుగా ఉన్న రోజుల్లో ఇలాంటి పిల్లలు నా క్లాసులో కూడా కూర్చునే ఉంటారు. నాకు కనబడలేదు. హోంవర్కు చేయలేదని నిలబెట్టిన వాళ్ళలో ఎంతమంది అలాంటివాళ్ళో తలుచుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది. మీకు ఏడాది తిరక్కుండానే కనబడింది, కాబట్టి "ఎక్కువ ఊహించుకుంటున్నానా" అన్న మాట పక్కన పెట్టేయండి.

ముందు ఆ చెవి సంగతి. పిల్లలు పడతారు, దెబ్బలు తగులుతాయి. పడినప్పుడు నేలకి తగిలేవి ముందుకు పొడుచుకొచ్చిన చోట్లు: మోకాళ్ళు, ముంగాళ్ళు, మోచేతులు, నుదురు, గడ్డం. చెవికి అటు తల, ఇటు భుజం అడ్డం ఉంటాయి, అందుకని మామూలుగా పడితే చెవి కమలడం అరుదు. చెవి వెనక, మెడ మీద, వీపు మీద, పిర్రల మీద, తొడ లోపలివైపు, పొట్ట మీద కమిలిందంటే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పాకడం కూడా రాని పసిబిడ్డ ఒంటిమీద ఎక్కడ కమిలినా ఆలోచించాలి, కదలలేని బిడ్డ తనంతట తాను దెబ్బ తగిలించుకోలేదు కదా. మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుం కింద నీలం మచ్చలుంటాయి. అవి దెబ్బలు కావు, పెరిగేకొద్దీ పోతాయి. కొత్తవాళ్ళు అవి చూసి కంగారు పడుతుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకో సంగతి, కాస్త చేదుగా ఉంటుంది. చెవి వెనక కమలడానికి మన దగ్గర అన్నిటికన్నా మామూలు కారణం చెవి మెలిపెట్టడం. అది ఇంట్లోనే జరిగిందని ఎందుకు అనుకోవాలి? ముందు మీ బడిలో ఎవరూ ఆ పని చేయలేదని తేల్చుకోండి. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. 2009 నాటి చట్టం అది. అయినా గోడ కుర్చీలు, తొడపాశాలు, మొట్టికాయలు ఇంకా పోలేదు. "దండం దశగుణం భవేత్" అని మనకి బాగా నూరిపోశారు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళం "మేము బాగుపడలేదా" అంటాం. బాగుపడనివాళ్ళు ఈ మాట చెప్పడానికి మన పక్కన లేరు.

దెబ్బ ఒక్కటే చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. రంగును బట్టి అది ఎన్ని రోజుల నాటిదో చెప్పడం డాక్టర్లకే కష్టం. చూడాల్సింది దెబ్బకీ చెప్పిన కథకీ పొంతన కుదురుతోందా లేదా అన్నది. 1962లో అమెరికాలో హెన్రీ కెంప్ అనే పిల్లల డాక్టరు, ఆయన సహచరులు ఒక వ్యాసం రాశారు. పసిపిల్లల ఎక్స్‌రేల్లో మానుతున్న పాత విరుగుళ్ళు, పక్కనే కొత్తవి కనిపిస్తుంటే, తల్లిదండ్రులు "మంచం మీంచి పడింది" అంటుంటే, ఆ రెండూ సరిపోవడం లేదని వాళ్ళు బయటికి చెప్పారు. అంతవరకూ డాక్టర్లకి కూడా కన్నవాళ్ళే కొడతారన్న ఆలోచన మింగుడుపడేది కాదు. ఇప్పటికీ సూత్రం అదే. కథ మారుతోందా? ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబుతున్నారా? దెబ్బ తగిలాక చాలా ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకెళ్ళారా? కాలినప్పుడూ అంతే. వేడినీళ్ళు మీద ఒలికితే చుక్కలు చుక్కలుగా, చిందరవందరగా కాలుతుంది. మేజోడు తొడిగినట్టు గీత గీసినంత నీటుగా కాళ్ళు కాలాయంటే పిల్లని నీళ్ళలో పట్టి ఉంచి ఉండొచ్చు.

వాతల గురించి ఒక్క మాట. కామెర్లు తగ్గాలనో, ఎగపోత తగ్గాలనో పసిపిల్లలకి కాల్చి వాతలు పెట్టడం మన పల్లెల్లో ఇంకా అక్కడక్కడా ఉంది. పెట్టించేవాళ్ళు బిడ్డ మీద ప్రేమతోనే పెట్టిస్తారు. ఆ తల్లిని, కోపంతో అట్లకాడ కాల్చి పెట్టేవాళ్ళని ఒకే గాటన కట్టలేం. కానీ బిడ్డకి అయ్యే పుండు ఒకటే, అసలు జబ్బుకి వైద్యం ఆలస్యం కావడం అంతకన్నా పెద్ద ప్రమాదం. అలాంటి ఇంటికి పోలీసుల కన్నా ముందు ఊరి నర్సు, అంటే ఏఎన్ఎం, వెళ్ళాలని నా అభిప్రాయం.

ఇక మీ పాప విషయంలో నన్ను ఆ కమిలిన చెవి కన్నా ఎక్కువ కలవరపెట్టినవి నిద్ర, పేలు, ఆకలి. పిల్లల మీద హింసని నాలుగు రకాలుగా చెబుతారు: ఒంటి మీద, మనసు మీద, లైంగికంగా జరిగేవి మూడు, నిర్లక్ష్యం నాలుగోది. మొదటి మూడిట్లో ఎవరో ఏదో చేస్తారు. నాలుగోదాంట్లో చేయాల్సింది చేయరు, అందుకే అది ఎవరి కంటా పడదు. తిండి, బట్ట, స్నానం సరే. జ్వరం వస్తే మందు వేయించకపోవడం, బడి మాన్పించి చంటిపిల్లని ఎత్తుకోమనడం, నూతి దగ్గరా కాలవ గట్టునా చూసే దిక్కు లేకుండా వదిలేయడం కూడా నిర్లక్ష్యమే. మీ ప్రాంతంలో ఇంటి పక్కనే కాలవలు కాబట్టి ఈ చివరిది చిన్న విషయం కాదు. రోజంతా పలకరించే మనిషి లేకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. అన్నీ ఉన్న మేడల్లో కూడా ఇలాంటి పిల్లల్ని చూశాను. పదో తరగతి అవ్వగానే పిల్లాణ్ణి హాస్టల్లో పడేసి, ఫోన్ చేసిన ప్రతిసారీ మార్కులే అడిగి పెట్టేసే ఇళ్ళు మీకూ తెలిసే ఉంటాయి.

"పేదరికం ఉంటే పిల్లలు అలాగే ఉంటారు కదా" అని మీ హెడ్మాస్టరుగారు అనొచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కూలికి పోయే తల్లి పిల్లకి తల దువ్వలేకపోతే అది నిర్లక్ష్యం కాదు. ఆ ఇంటికి కావాల్సింది సాయం, కేసు కాదు. మరి తేడా ఎలా తెలుస్తుంది? మేం సమితిలో అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: అదే ఇంట్లో మిగతా పిల్లలు ఎలా ఉన్నారు? మేనత్త సొంత పిల్లలు కూడా మీ బడిలోనే ఉన్నారేమో చూడండి. వాళ్ళ తలలు నూనె రాసి జడలు వేసి ఉండి, ఈ పాప తల అట్టలు కట్టి ఉంటే అది పేదరికం కాదు. అందరూ ఒకలాగే ఉంటే ఆవిడే చేతకాక మునిగిపోతోందేమో. తల్లి కువైట్ నుంచి డబ్బు పంపుతోందా, అది ఎవరి చేతికి వస్తోందన్నది కూడా తెలుసుకోదగ్గదే. అయితే ఆరా తీయడం మీ పని కాదు. దాని గురించి కింద చెబుతాను.

మేనత్తని ముందే దయ్యం చేసేయకండి. ఒకసారి మా ముందుకి వచ్చిన ఒకావిడ, ఆడపడుచు పిల్లల్ని రెండేళ్ళుగా సాకుతోంది. పిల్లాడు చూస్తే ఎముకల గూడు. మేమంతా కోపంగానే ఉన్నాం. మాట్లాడితే తెలిసింది, ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర లేదు, భర్త తాగి కొడతాడు, తన పిల్లలకే సరిగ్గా పెట్టలేకపోతోంది. "నేనెవరికి చెప్పుకోనమ్మా" అంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరికి మార్చాం, ఆవిడకి కౌన్సెలింగ్ ఇప్పించాం. రెండు నెలలు తిరక్కుండా ఆ పిల్లాడు బరువు పెరిగి బుగ్గలు తేలాడు. తిండి దొరకగానే బరువు పెరిగాడంటే జబ్బేమీ లేదనీ, అంతకుముందు దొరకలేదనీ అర్థం.

లైంగిక హింస గురించి మీరు అడగలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే తల్లి దగ్గర లేని ఆడపిల్ల అనగానే అందరికీ తట్టేది అదే, ఎవరూ పైకి అనరు. మీరు చెప్పినవాటిలో దాన్ని సూచించేది ఏదీ లేదు, కాబట్టి లేనిది ఊహించొద్దు. కానీ కొన్ని తెలిసి ఉండాలి. ఒంటిమీద గుర్తులు చాలా సందర్భాల్లో ఉండవు. డాక్టరు పరీక్షలో ఏమీ కనబడలేదంటే జరగలేదని కాదు. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది, మూత్రానికి వెళ్ళాలంటే ఏడుస్తారు, ఒక మనిషి ఇంటికి వెళ్ళమంటే కడుపునొప్పి అంటారు, వయసుకి మించిన ఆటలు ఆడతారు. ఇందులో ఏ ఒక్కటీ రుజువు కాదు. మన ఇళ్ళలో పిల్లలకి ఆ అవయవాల పేర్లే చెప్పం. "షేమ్ షేమ్" అని నేర్పుతాం. పేరు లేనిదాని గురించి పిల్ల ఎలా చెబుతుంది? "ఆ మామయ్య మంచోడు కాదు" అంటుంది, అంతే. పెద్దవాళ్ళు "తప్పు, అలా అనకూడదు" అని నోరు మూయిస్తారు.

మగపిల్లల విషయంలో మరీ ఘోరం. 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేసింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు తమకి ఎదురైందని చెప్పిన పిల్లలు 53 శాతం. వాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్ళలో సగం మంది తెలిసినవాళ్ళు, నమ్మి అప్పగించినవాళ్ళు. పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పనే లేదు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడ మగ తేడా లేకుండా 18 ఏళ్ళలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నిరూపించడం మీ బాధ్యత కాదు. కనబడింది రాసుకోవడం, సరైన చోట చెప్పడం, ఈ రెండే మీవి. ఒక నోట్‌బుక్ పెట్టండి, బడిలో వదలకుండా ఇంట్లో పెట్టుకోండి. తేదీ వేసి చూసింది చూసినట్టు రాయండి: "ఎడమ చెవి వెనక, రూపాయి బిళ్ళంత, నీలం. అడిగితే పడిపోయాను టీచర్ అంది." అంతే. "అత్త కొట్టినట్టుంది" అని రాయొద్దు, అది మీ ఊహ. పాప మాటలు ఉన్నవి ఉన్నట్టు, తన యాసలోనే రాయండి. మూడు వారాల రాతలు పక్కపక్కన పెడితే, ఒక్క రోజు చూస్తే తెలియనిది తెలుస్తుంది. సోమవారాలే ఎక్కువ నిద్రపోతోందా? నాన్న వచ్చిన వారం బాగుంటోందా? అయితే దీనికోసం వారాల తరబడి ఆగమని కాదు. కొత్త దెబ్బ కనబడినా, పాప ఏదైనా చెప్పినా ఆ రోజే కదలాలి.

ఫొటో తీయొద్దు. మా జిల్లాలో ఒక బళ్ళో ఒకరు మంచి ఉద్దేశంతోనే పిల్ల వీపు మీద దెబ్బలు ఫోనులో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఊరంతా తిరిగింది. ఆ పిల్ల మళ్ళీ ఆ బడికి రాలేదు. పిల్లల పేరు, ఫొటో, ఊరు, బడి, ఆచూకీ తెలిసే ఏ వివరమైనా బయటపెట్టడం, పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. లైంగిక నేరమైతే పోక్సోలోనూ నేరమే.

పాపతో మాట్లాడాలంటే పిలిచి ఎదురుగా కూర్చోబెట్టొద్దు. బోర్డు తుడిపిస్తూనో, పుస్తకాలు సర్దిస్తూనో పక్కన ఉంచుకోండి. "అత్త కొట్టిందా?" అని అడగకండి, మీరు అందించిన మాటకి పిల్లలు తలూపేస్తారు. "నిన్న బడి నుంచి వెళ్ళాక ఏం చేశావు?" అంటే చాలు, వచ్చినంత వస్తుంది. రాకపోతే వదిలేయండి. చెబితే మధ్యలో అడ్డురాకుండా వినండి. "నువ్వు చెప్పడం మంచిపని, ఇందులో నీ తప్పేం లేదు" అనండి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి టీచర్" అంటే వేయకండి. "నీకు సాయం చేసేవాళ్ళకి మాత్రం చెబుతాను" అని నిజమే చెప్పండి. అదే కథ మళ్ళీ మళ్ళీ చెప్పించొద్దు. రేపు మాట మార్చి "అబద్ధం చెప్పాను" అన్నా ఆశ్చర్యపోవద్దు. ఆ ఇంటికే తిరిగి వెళ్ళాల్సిన పిల్ల అది. మరొకటి, మేనత్తని పిలిపించి నిలదీయకండి. ఆ రాత్రి ఇంట్లో పాప ఒక్కతే ఉంటుంది, మీరుండరు.

చెప్పాల్సిన చోటు 1098, పిల్లల హెల్ప్‌లైన్ నంబరు. మామూలు ఫోన్ నుంచి ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. 2023 నుంచి ఇది ప్రభుత్వం చేతుల్లోకి వచ్చింది, 112 అత్యవసర నంబరుతో కలిపారు. నంబరు మాత్రం మారలేదు. ఫోన్ చేసినవాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచుతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే నేరుగా 112. ఫోన్‌కి బెరుకైతే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళి మాట్లాడొచ్చు. మీ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆవిడతో కూడా మాట్లాడొచ్చు.

చాలామంది ఫోన్ చేయకపోవడానికి కారణం "పిల్లల్ని ఎత్తుకుపోయి హోంలో పడేస్తారు" అన్న భయం. మామూలుగా జరిగేది అది కాదు. ముందు ఒక సామాజిక కార్యకర్త ఇంటికి వెళ్తారు. అవసరమైతే పాపని సమితి ముందుకి తెస్తారు. సమితిలో చైర్‌పర్సన్‌తో కలిపి ఐదుగురం ఉంటాం, కోర్టులాంటి బల్లలూ బోనులూ ఉండవు. 15 రోజుల్లో ఆ ఇంటి పరిస్థితి మీద నివేదిక రావాలి, నాలుగు నెలల్లో తుది నిర్ణయం జరగాలి. హోం అన్నది చట్టం ప్రకారమే ఆఖరి దారి. తండ్రిని పిలిపిస్తాం, తల్లితో వీడియో కాల్‌లో మాట్లాడతాం, అమ్మమ్మో నాయనమ్మో ఉన్నారా చూస్తాం. అదే ఇంట్లో ఉంచి నెలనెలా ఎవరో ఒకరు వెళ్ళి చూసొచ్చే ఏర్పాటు చేసిన కేసులు మా దగ్గర ఎన్నో. అన్నీ అనుకున్నట్టు జరిగాయని చెప్పను. ఫైళ్ళు ఆగిపోయిన రోజులు, రెండోసారి ఫోన్ చేస్తేగానీ ఎవరూ కదలని రోజులు చూశాను. వారంలో కదలిక లేకపోతే మళ్ళీ చేయండి, మొదటిసారి చేసిన తేదీ చెప్పండి.

మీ మీదికి వస్తుందా అంటే, నిజాయితీగా చెప్పినవాళ్ళని చట్టం కాపాడుతుంది. అధీనంలో ఉన్న పిల్లల్ని కొట్టడం, కావాలని నిర్లక్ష్యం చేయడం జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ళదాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడే నేరం. ఇంటి గొడవ అని కొట్టిపారేయడానికి లేదు. లైంగిక నేరమన్న అనుమానం వస్తే మాత్రం చెప్పాలా వద్దా అన్న ఎంపికే లేదు. తెలిసీ పోలీసులకి చెప్పకపోతే ఎవరికైనా ఆరు నెలలదాకా శిక్ష ఉంది, సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే ఏడాదిదాకా ఉంది. మీ హెడ్మాస్టరుగారికి ఇది బెదిరింపుగా చెప్పకండి. ఆయన భయం ఆయనది, ఊరివాళ్ళతో పెట్టుకోవడం ఎందుకని. "ఫోన్ నేను చేస్తాను సార్, మీకు తెలియాలని చెబుతున్నాను" అంటే చాలామంది మెత్తబడతారు. నేను చూసినంతవరకు పెద్దసార్లకి అడ్డుపడాలని ఉండదు, ముందు నిలబడాలనీ ఉండదు.

ఇక గుడ్డు. దాన్ని లాక్కుని అక్కడే తినమనకండి. ఎవరి కోసం దాచుకుంటోందో మీకూ నాకూ తెలుసు. అందరి ముందూ అడగకుండా, ఆ పాపకి ఒకటి తినడానికీ ఒకటి పట్టుకెళ్ళడానికీ ఇమ్మని వంటావిడతో చెప్పి చూడండి. మీరు రాసిన ప్రశ్న మొత్తంలో ఆ తమ్ముడి గురించి ఒక్క ముక్కే ఉంది, నాలుగేళ్ళని. ఆ వయసు పిల్లాడు అంగన్‌వాడీలో ఉండాలి, అక్కడ వాడికీ గుడ్డు ఇస్తారు, పాలు ఇస్తారు, నెలనెలా బరువు తూస్తారు. రేపు సాయంత్రం ఆ అంగన్‌వాడీ టీచర్‌ని కలవండి. వాడి పేరు రిజిస్టర్లో ఉందా, వస్తున్నాడా, ఆఖరిసారి తూచినప్పుడు ఎన్ని కిలోలున్నాడో అడగండి. 1098కి ఫోన్ చేసేటప్పుడు పాపతో పాటు వాడి సంగతి కూడా చెప్పండి.